ఒకటికి ఐదువందలు

"లేని చోటొకటి చేసుకు రండి" అన్నారు పట్నాయక్ సారు.
సర్వే నంబరు ఉండకూడదు, పిన్‌కోడు ఉండకూడదు,
ఫోన్లో వెతికితే దొరకకూడదు.
నేల మాత్రం ఉండాలి, ఎత్తుపల్లాలతో సహా.

మూడు లాంతర్ల దగ్గర గవరయ్య కొట్లో
మిల్లుబోర్డు అట్టలు నలభై మూడు కొన్నాను.
అట్ట మందం రెండు మిల్లీమీటర్లు, అంటే మీటరు ఎత్తు.
నలభై మూడు మీటర్ల కొండని
సైకిలు కేరియరుకి కట్టుకుని
విజయనగరం నించి నెల్లిమర్ల దాకా తొక్కాను.
ఎదురుగాలికి కొండ రెండుసార్లు జారింది.

ఫెవికాల్ డబ్బా ఖరీదు చూసి
మైదా ఉడకబెట్టాను.
ఊహించిందే కోస్తున్నాననుకున్నాను
పదిహేడో అట్ట దాకా.
అప్పుడు గుర్తుపట్టాను,
మా వెనక కొండ కదా ఇది!
క్రషర్ వాళ్ళు తినెయ్యక ముందరిది.
నేను బళ్ళో చేరేనాటికే దానికి తూరుపు భుజం లేదు.
అదెలా ఉండేదో నాకెవరూ చెప్పలేదు,
బ్లేడు పట్టిన చేతికెలా తెలిసిందో.
సరే, ఉండనీ.
లేని చోటే కదా అడిగారు.

ఏరు కూడా పెట్టాను. చంపావతి కాదు,
ఎండల్లోనూ మోకాలి లోతు నీళ్ళుండే ఏరు.
పాత ఎక్స్‌రే ఫిల్ము వంపులుగా కోసి అంటించాను.
వెలుతురికి పెడితే అందులో తాతయ్య పక్కటెముకలు,
నలభయ్యేళ్ళ జనపదుమ్ము పట్టిన ఊపిరి.
నీలం రంగు ఒక పూత చాల్లేదు.
రెండోది వేశాను.

గడ్డికి, అమ్మ కొంగున మిల్లు నించి వచ్చిన నార.
చెట్లకి, గిన్నెలు తోమే పీచు.
మనుషులకి నువ్వులు.
ఈ కొలతలో మనిషి మూడు మిల్లీమీటర్లు,
నిలబెట్టిన నువ్వుగింజంత.
పదకొండుమందిని నిలబెట్టేసరికి రాత్రి రెండైంది.
తెల్లారి చూస్తే ఏడుగురే ఉన్నారు.
చీమలు.
మైదా సంగతి వాటికెవరు చెప్పారో.

సి షిఫ్టు దిగి వచ్చింది అమ్మ,
కనురెప్పల మీద నారపొడి, చేతిలో ఖాళీ కేరేజీ.
"ఏటే గుంటా ఇది?"
కొండ.
"కొండయితే మెట్లు మెట్లుగా ఉన్నాదేటి?"
ఎత్తు తెలియడానికి అలా చూపిస్తారమ్మా.
నేను వేసిన దారి చూపించాను.
ఏటి ఒడ్డున మొదలై, మలుపు మలుపుకీ ఓ బెంచీతో
కొండని మూడుసార్లు చుట్టి పైకెక్కే దారి.
వారం పట్టింది నాకది గీయడానికి.

"ఇలగెవులెల్తారే?"
అని చెంబులో బొటనవేలు ముంచి,
ఆరీ ఆరని అట్టల మీద నొక్కుకుంటూ పోయింది
ఏటి దగ్గర్నించి తిన్నగా,
నా బెంచీలన్నీ తప్పించి,
ఆ తూరుపు భుజం మీంచి.
"మాయమ్మ ఇటంటే ఎల్లీది, కట్టెలకి.
ఇక్కడ కాసింత పల్లముండీది."
నొక్కింది ఇంకొంచెం.
తర్వాత చాప వేసుకుని పడుకుంది.

జ్యూరీ రోజు ముగ్గురు వంగి చూశారు.
విశాఖపట్నం మేడమ్ స్కేలు పెట్టి కొలిచింది.
"రెండు సెంటీమీటర్లు. అంటే పది మీటర్ల వెడల్పు.
ఇంత కొండకి అంత దారి దేనికి?"
చెప్పడానికి చాలా ఉంది. నోటికొచ్చింది మాత్రం,
"సైరను కూశాక దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ
ఒక్కసారే వస్తారండీ."
"ఏ సైరను? ఇందులో మిల్లెక్కడుంది?"
పట్నాయక్ సారు దగ్గారు.
ఉత్తరం బాణం గుర్తు వెయ్యనందుకు
రెండు మార్కులు పోయాయి.

ఇప్పుడది బియ్యం డ్రమ్ము మీదుంది.
ఏడుగురిలో అయిదుగురు మిగిలారు.
షిఫ్టుకెళ్తూ, కేరేజీ మూత బిగిస్తూ
అమ్మ దాన్ని ఒకసారి చూస్తుంది.
ఉత్తరం ఎటని
ఇంతవరకూ అడగలేదు.